ఆళ్లగడ్డ పిల్లల్ని ఒంటరిగా కూచోబెట్టిన రోజు

నా మెడలో ఒకసారి చేమంతి దండ పడింది. ఇంటికొచ్చి దాన్ని చిలక్కొయ్యకు తగిలించాను. మర్నాటికి వాడిపోయింది. తర్వాత మా ఇంటావిడ దాన్ని ఊడ్చి పెంటలో వేసింది. దండ పోయింది గానీ దాని బరువు ఇన్నేళ్లయినా మెడ దిగలేదు. తల ఎత్తుకుని తిరుగుతాననే పేరుంది నాకు. నిజానికి తల దించితే ఆ బరువుకు ముందుకు తూలి పడతానేమోనని భయం.

మేము ప్రొటెస్టెంటు వాళ్లం. పాదిరి చెవిలో పాపాలు చెప్పుకునే ఆచారం మా సంఘంలో లేదు. ఏదున్నా నేరుగా దేవుడికే చెప్పుకోవాలి. చెప్పుకున్నాను. కానీ ఆయనకు ముందే తెలుసు కదా, అందుకని చెప్పినట్టే ఉండదు. తెలియనివాళ్లకు చెబితేనే చెప్పినట్టు. అందుకే మీ చెవి అడుగుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి. పేరు పెట్టుకునేంత ధైర్యం ఉంటే ఈ రాతకోతలు ఎప్పుడో అయిపోయేవి.

ముందే ఒక మాట చెప్పాలి. ఇది గెలుపు కథ. నల్లమల చెంచు పిల్లలు గెలిచారు, బడి గెలిచింది, చూసినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది. ఆ గెలుపులో నా వాటా ఏమిటన్నదే నా గొడవ. అందరూ నాదే పెద్ద వాటా అంటారు. ఒక విధంగా నిజమే. వాళ్లు ఓడిపోవడానికి కావలసిందంతా చేసినవాణ్ణి నేనొక్కడినే.

రాష్ట్రం కొత్తగా ఏర్పడి, కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. చెంచు పిల్లలకు చదువు చెప్పి తీరాలని పైవాళ్లకు పట్టుదల వచ్చింది. ఎక్కడ చెప్పాలన్న దగ్గర మాత్రం మాట కలవలేదు. అడవికి దూరంగా పట్నానికి తెచ్చి, హాస్టల్లో ఉంచి, పట్నం పిల్లల మధ్య పెంచితే తొందరగా పైకొస్తారని కొందరు. కొండ దగ్గరే, అమ్మానాయనలు వచ్చి చూసిపోయేంత దూరంలో బడి ఉండాలని కొందరు. రెండూ పెట్టి చూద్దామన్నారు. నంద్యాలలో ఒక హాస్టలు, ఆళ్లగడ్డలో ఒక చిన్న బడి.

నంద్యాల పిల్లలకు అయివారిని నేను. ఆళ్లగడ్డ బడికి దేవదానం. నాకంటే చిన్నవాడు, మా సంఘం వాడే, ట్రైనింగు స్కూల్లో నా వెనకాల చదివాడు. నన్ను అన్నా అనేవాడు. మాటవరసకు అన్నా అనేవాళ్లు చాలామంది ఉంటారు. అతడు నిజంగానే అన్నాడు.

పట్నం చదువు అంటే ఏమిటో మొదటి కొన్ని నెలలూ పిల్లల కంటే నేనే ఎక్కువ నేర్చుకున్నాను. మంచాలు ఇస్తే వాటి కింద పడుకునేవాళ్లు. తలకు నూనె రాసి పాపిట తీస్తే, అద్దంలో చూసుకుని ఏడ్చేవాళ్లు. రైలు పట్టాలు నల్లమలలోంచి పోతాయని ఎవరో చెప్పగా విని, ఒకడు పట్టాల వెంట నడుచుకుంటూ ఇంటికి పోబోయాడు. గాజులపల్లె దారిలో పట్టుకొచ్చాం. వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఏడిపించింది వాళ్ల మౌనం. పాఠం చదవమని ఒక్కొక్కరినీ లేపితే, లేచి నిలబడేవాళ్లు. నేలచూపులు చూసేవాళ్లు. అంతే. మొద్దులనుకున్నాను. అనుకోవడమే కాదు, అన్నాను కూడా. దెబ్బలు కూడా వేశానా? వేశాను. ఈ కాగితం మీద అబద్ధం రాస్తే ఇక నిజం రాయడానికి నాకు చోటు ఎక్కడుంది?

ఒక వానాకాలం తరగతి గది కప్పు కారింది. అందరం తడవని మూలకు జరిగి, ఇరుక్కుని కూచున్నాం. ఆ ఇరుకులో, అంతవరకూ నోరు విప్పని ఒక పిల్లవాణ్ణి చదవమన్నాను, ఆశ లేకుండానే. వాడు గడగడా చదివాడు. పక్కవాణ్ణి అడిగాను. వాడూ చదివాడు. ఏమిటీ మాయ అని చూస్తే, ఆ ఇద్దరూ బావా బామ్మర్దులు. లింగమ్మ అని పెద్ద పిల్ల ఒకతి ఉండేది. అందరిలోకీ మాట తెలిసిన పిల్ల. దాన్ని అడిగాను. అది నన్ను జాలిగా చూసింది.

"తాడు పట్టేటోళ్లు ఉండల్ల గదా అయివోరా" అంది.

అప్పుడు చెప్పింది. కొండ చరియకు వేలాడే తేనెపట్టు కోసం మగవాడు తాడు పట్టుకుని లోయలోకి దిగుతాడు. పైన ఆ తాడు పట్టుకునేది పెళ్లాం తోడబుట్టినవాడు. సొంత తమ్ముడైనా సరే పనికిరాడు, బామ్మర్దే పట్టాలి. తాడు జారితే తాళి తెగేది తన అక్కకే కాబట్టి వాడు పట్టు వదలడని వాళ్ల నమ్మకం. పెద్దవాళ్లకు అది తేనె కొట్టే పద్ధతి. పిల్లలు దాన్ని బతుకంతటికీ వర్తింపజేసుకున్నారు. భయమనిపించే పని ఏదైనా సరే, వరసైనవాళ్లు పక్కన ఉంటే దిగుతారు. లేకపోతే దిగరు. వాళ్ల కళ్లకు నా తెలుగు వాచకం ఒక లోయ.

ఆ రోజు నుంచి నా తరగతిలో బెంచీల వరసలు పోయి బంధుత్వాల వరసలు వచ్చాయి. బావ పక్కన బామ్మర్ది, వదిన పక్కన ఆడబిడ్డ. పక్కన కూచున్నవాళ్లు అక్షరం కూడా అందించరు. ఊరికే కూచుంటారు. ఆ కూచోవడమే చాలు. పిల్లలు చదివారు. ఒత్తులు మింగేవాళ్లు, దీర్ఘాలు తీసేవాళ్లు, కానీ చదివారు. నేను ఉప్పొంగిపోయాను. దేవదానం నంద్యాల వచ్చినప్పుడు తరగతిలో కూచోబెట్టి మరీ చూపించాను. అతడు ఆళ్లగడ్డ వెళ్లి అలాగే చేశాడు. అక్కడా పలకలు పలకడం మొదలుపెట్టాయి.

ఇంతవరకూ నా మంచితనం. మిమ్మల్ని నా వైపు తిప్పుకోవడానికే ముందు ఇది చెప్పానేమో, జాగ్రత్తగా ఉండండి.

కొంతకాలానికి కర్నూలు నుంచి ఒక అధికారి వచ్చాడు. రెండు బళ్లు నడపడం ఇక కుదరదన్నాడు. రెంటినీ బేరీజు వేసి, ఏది మెరుగైతే దాన్ని ఉంచి, రెండోదాన్ని ఎత్తేస్తారట. నంద్యాల నెగ్గితే ఆళ్లగడ్డ పిల్లలు నంద్యాల హాస్టలుకు వస్తారు. ఆళ్లగడ్డ నెగ్గితే నంద్యాల హాస్టలు మూసి, నన్నూ నా పిల్లల్నీ ఆళ్లగడ్డకు పంపిస్తారు. బేరీజు వేసే పని ఎవరిదంటే, చెంచు పిల్లల గుట్టు తెలిసినవాడివి నువ్వే కదా అని నా మీదే పెట్టాడు. పెళ్లికొడుకును పిలిచి, పోటీకొచ్చిన సంబంధం ఎలాంటిదో నువ్వే చూసిరా నాయనా అన్నట్టుంది. నేను సరేనన్నాను. బేరీజు వేయమంటే మనసులో బేరం వేసుకున్నాను.

ఏమిటా బేరం? మా ఇంటావిడ నంద్యాల బాలికల బడిలో పంతులమ్మ. నాకు బదిలీ అయితే ఆమె ఒక చోట, నేనొక చోట. చాలా ఏళ్లు ఈ కారణమే నాకు నేను చెప్పుకున్నాను. గౌరవంగా ఉంటుంది కదా. నిజం ఇంకా చిన్నది. నంద్యాలలో స్టేషను దారిలో ఒక కాఫీ హోటలు ఉండేది. సాయంత్రం నేను అడుగు పెడితే నలుగురు లేచి బెంచీ మీద చోటిచ్చేవాళ్లు. చెంచుల అయివారు వచ్చాడు, ఆ రైలు పట్టాల పిల్లవాడి సంగతి మళ్లీ చెప్పమనేవాళ్లు. నేను చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ పిల్లవాడు ఇంకొంచెం దూరం నడిచేవాడు. ఆళ్లగడ్డలో నా మాట వినేవాళ్లు ఎవరున్నారు? నంద్యాల ఆనందం అనేది నాకు ఆ బెంచీ మీద జానెడు చోటు. దాని కోసం.

ఆళ్లగడ్డ బడి ఊరి చివర ఒక కొట్టంలో నడిచేది. దాని పక్కన గింజలు పోసుకునే చిన్న గది ఒకటి. కిటికీ మాత్రం ఉంది, గాలి లేదు. బస్సు దిగి వెళ్లేసరికి పిల్లలు స్నానాలు చేసి, జతలు జతలుగా చాపల మీద కూచుని ఉన్నారు. ఆ రోజు సంత. అమ్మానాయనలు తేనె, చింతపండు అమ్ముకుని వచ్చి కొట్టం బయట కూచున్నారు, పిల్లలు పరీక్షలో ఎలా పలుకుతారో విందామని. దేవదానం ముఖం వెలిగిపోతోంది. నేను ఆ చిన్న గది చూపించి, ఒక్కొక్కరినీ అందులోకి పంపమన్నాను. తలుపు వేసి పరీక్ష చేస్తానన్నాను.

అప్పుడు మా మధ్య జరిగిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. మరిచిపోదామని చేసిన ప్రయత్నమే వాటిని గట్టిపరిచింది.

"ఒంటిగా అయితే పలకరన్నా. జతలుగా కూచోబెట్టు" అన్నాడు దేవదానం.

"పరీక్షలో జతలేంది అప్పా. కాపీ అంటారు."

"పక్కనోళ్లు నోరు తెరవరు. నీకు తెల్దా? నీ బళ్లో నువ్వు చేస్తాండేదే గదన్నా. నిన్ను చూసే గదా నేను నేర్చుకునింది."

"అది బడి. ఇది పరీక్ష."

"మరి మీ పిల్లోళ్లకూ ఇట్లనే తలుపేసి పెడతావా?"

"ఆడ సంగతి ఆడ. రూలు రూలే."

అతడు నా ముఖంలోకి చూశాడు. ఇంకేదో అనబోయి, పెద్దవాణ్ణి కదా, ఆగిపోయాడు. చిన్నవాళ్లు పెద్దవాళ్లకు ఇచ్చే మర్యాద ఎన్ని పాపాలకు తలుపు తీస్తుందో ఆలోచించారా మీరెప్పుడైనా?

నాకు తెలుసు. ఇదే నా ఒప్పుకోలు, ఇంతే. తక్కినదంతా వివరం. ఒంటరిగా కూచోబెడితే వాళ్లు పలకరని నాకు తెలుసు. అంతకంటే ఘోరమైనది కూడా తెలుసు. కొన్నేళ్ల కిందటి దాకా, నేరస్థుల తెగ అన్న పాత చట్టం కింద, వీళ్ల పెద్దవాళ్లను పోలీసులు ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, తలుపు వేసి, పేరేంది, రాత్రి యాడున్నావ్ అని అడిగి హాజరు వేసుకునేవాళ్లు. ఆ కథలు విని పెరిగిన పిల్లలు. నేను ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి, తలుపు వేసి, నీ పేరేమిటి అని మొదలుపెట్టాను.

ఓబులమ్మ వచ్చింది. పదేళ్లుంటాయేమో. ఆ బడిలో అందరికంటే బాగా చదువుతుందని దేవదానం చెప్పిన పిల్ల. పుస్తకం చేతికిచ్చాను. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. నోరు తెరవలేదు. తర్వాతి వాళ్లూ అంతే. సుంకన్న అనే పిల్లవాడు లోపలికి రాగానే తలుపు వంక చూశాడు, నా వంక చూశాడు, కిటికీలోంచి దూకి పోయాడు. బయట ఎవరో ఆడమనిషి వాడి పేరు పెట్టి కేకలు వేస్తూ వెనక పరిగెత్తడం వినబడింది. నేను తరువాత ఎవరు అని పిలిచాను.

నంద్యాలలో నా పిల్లలకు కూడా పరీక్ష పెట్టాను. జతలుగానే. అందరూ చదివారు.

పైకి రాసి పంపినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఆళ్లగడ్డ పిల్లలు చదవలేకపోయారని రాశాను. చదవలేకపోయారు కదా. నంద్యాల పిల్లలు చదివారని రాశాను. చదివారు కదా. నిజాలు మాత్రమే పేర్చి అబద్ధం కట్టడం ఒక విద్య. ఆ విద్యలో నాకు మొదటి తరగతి.

కొన్ని వారాలకు కబురు తెలిసింది. ఆళ్లగడ్డ బడి ఎత్తేయబోతున్నారు. ఆ కబురు గూడేలకు కూడా పోయింది. పిల్లల్ని నంద్యాలకు పంపేది లేదని, చదువూ వద్దు ఏమీ వద్దని, అడవికి తీసుకుపోతామని వాళ్లు అన్నారట. దేవదానం వచ్చి చెప్పాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేనే, చెంచులు కదా, మూర్ఖులు అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టిందా అని మీరడిగితే, పట్టింది. హాయిగా పట్టింది. మనిషికి నిద్ర పట్టకపోవడం మొదలయ్యేది తప్పు చేసినప్పుడు కాదు, దానికి బహుమతి వచ్చినప్పుడు.

ఆ బహుమతి సంగతికి వస్తాను.

మూసేసే ముందు ఒకసారి కళ్లారా చూస్తానన్నాడు అధికారి. రెండు బళ్ల పిల్లల్నీ నంద్యాల పెద్ద బడి హాలులో కూచోబెట్టమన్నాడు. ఊరి పెద్దలొచ్చారు, మా పాదిరిగారొచ్చారు, కాఫీ హోటలు మిత్రులంతా వచ్చారు. దేవదానం తన పిల్లల్ని బస్సులో తెచ్చాడు. కొంతమంది తల్లులు కూడా వెంట వచ్చి, గోడవారగా కూచున్నారు. నా పిల్లలు ఒక పక్క, అతడి పిల్లలు ఒక పక్క. మధ్యలో నడవ. ఒక్కొక్కరే వేదిక ఎక్కి చదవాలి. ముందు వంతు ఆళ్లగడ్డది, వాళ్లు పలక్కపోతే నా పిల్లల్ని ఎక్కించే పనే ఉండదని నేను నిశ్చింతగా ఉన్నాను. అంత పెద్ద వేదిక, అంతమంది కళ్లు, ఒంటరిగా. నేను వేయాల్సిన తలుపు ఇక్కడ జనమే వేస్తారు.

మొదట ఓబులమ్మను పిలిచారు. ఎక్కింది. పుస్తకం తెరిచింది. నిలబడింది. హాలంతా చూస్తోంది. అధికారి చదవమ్మా అన్నాడు, మెల్లగానే. అది చదవలేదు. వెనక ఎవరో చిన్నగా నవ్వారు. నా పక్కనున్న మిత్రుడు, నువ్వు చెప్పిందే నిజమబ్బా అన్నాడు. నాకు ఆ క్షణంలో కలిగింది సంతోషమా? సంతోషమే. దాచను.

అప్పుడు నా పిల్లల్లోంచి లింగమ్మ లేచింది. ఎవరినీ అడగలేదు. నడవ దాటింది, వేదిక ఎక్కింది. ఓబులమ్మ కాళ్ల దగ్గర, జనానికి వీపు పెట్టి, దాని ముఖం వైపు చూస్తూ కూచుంది. మేనమామ కూతురట. వరసకు వదిన. పావడా సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూచుంది, అంతే.

ఓబులమ్మ చదివింది.

ఎలా చదివిందని చెప్పను? నా పిల్లలెవరూ అలా చదవలేదు. ఒత్తులు ఒత్తుల్లా, దీర్ఘాలు దీర్ఘాల్లా. ఒక పుట అయిపోతే అధికారి చాలు అన్నాడు. అది వినిపించుకోలేదు, పుట తిప్పింది. గోడవార కూచున్న తల్లుల్లో ఒకామె లేచి నిలబడింది. పిల్ల పాఠం పూర్తి చేసి పుస్తకం మూసేదాకా ఆమె నిలబడే ఉంది. తర్వాత హాలు హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు ఆగకముందే ఇటు నుంచి ఇంకొకడు లేచాడు, అటు నుంచి ఒకడు వేదిక ఎక్కాడు. మా బావ, వాళ్ల బామ్మర్ది. మా ఆడబిడ్డ, వాళ్ల వదిన. నడవ అనేదే లేకుండా పోయింది. రెండు బళ్లు కలిసి ఒకే పెళ్లివారిల్లు అయ్యాయి. నేను కూడా లేచి చప్పట్లు కొడుతున్నాను. ఎప్పుడు లేచానో తెలియదు. కళ్లలో నీళ్లు. ఓడిపోతున్నవాడు ఓటమికి అంత పొంగిపోవడం ఎక్కడైనా ఉందా? నాకు మాత్రం ఉంది. వాళ్లు నా పిల్లలు కదా. అటువైపు వాళ్లూ నా పిల్లలే అయ్యుండాలి కదా.

అధికారి లింగమ్మను పిలిచి, ఏం చేశావమ్మా అని అడిగాడు.

"ఏం చేయలే. కూచున్యా" అంది. తర్వాత నా వైపు చూపించి, "మా అయివోరు మమ్మల్ని అట్లనే కూచోబెడతాడు" అంది.

అది నన్ను పట్టించలేదు. మెచ్చుకుంది. అధికారి నా దగ్గరికొచ్చి చేయి పట్టుకున్నాడు. ఒంటరిగా పెడితే పలకరని, వరసైనవాళ్లతో పెడితే పలుకుతారని, ఈ తేడా అందరూ కళ్లతో చూడాలనే ముందు అలా పరీక్ష చేసి, ఇప్పుడు ఇలా చూపించావా అన్నాడు. ఎంత ఓపిక, ఎంత తెలివి అన్నాడు. అంతా ఆయనే అల్లుకున్నాడు. నేను చేయాల్సింది ఒక్కటే, కాదనడం. ఒక్క మాట.

నవ్వాను.

తలుపు వేసిన పాపం పెద్దదా, ఈ నవ్వు పాపం పెద్దదా? ఎన్నోసార్లు తూచాను. ఒకసారి ఇది బరువు, ఒకసారి అది. బేరీజు వేయడం నాకు చేతకాదని అప్పటికే రుజువైంది కదా.

దండ నా మెడలో వేసింది దేవదానమే. వేస్తూ, "నీ పేరు చెప్పుకుని బతుకుతామన్నా" అన్నాడు. ఆ మాట నిజంగా అన్నాడో, పొడిచాడో నాకు ఈనాటికీ తెలియదు. అడిగే దమ్ము లేదు.

ఆళ్లగడ్డ బడి నిలబడింది. చిన్నవాళ్లు కొండ దగ్గర చదవాలి, పెద్ద తరగతులకు వచ్చాక కావాలనుకుంటే నంద్యాల హాస్టలుకు రావాలి, రెండుచోట్లా జతలుగా కూచోవాలి అని తేల్చారు. ఇంత గొప్ప పద్ధతి కనిపెట్టినవాణ్ణి నంద్యాలలో ఉంచడం న్యాయం కాదని, నాకు పెద్ద అయివారి పదవి ఇచ్చి బదిలీ చేశారు. ఎక్కడికో మీకు చెప్పనక్కరలేదు. తప్పించుకోవడానికి తలుపు వేసిన ఊరికే సన్మానం చేసి మరీ పంపారు. మా ఇంటావిడ నాకంటే ముందు సర్దుకుంది. ఏడాది తిరిగేలోపు ఆమె కూడా అదే బడిలో పంతులమ్మ అయింది. చెంచు ఆడపిల్లలకు ఆమె అంటే ప్రాణం.

ఆ ఏళ్లు ఎలాంటివో రాయడం మొదలుపెడితే ఇది ఒప్పుకోలు కాకుండా గొప్పల కచేరీ అవుతుంది. కొట్టం పోయి పెంకుటిల్లు వచ్చింది. సంత రోజున బయట కూచునే తల్లులు లోపలికొచ్చి వెనక చాప మీద కూచోవడం మొదలుపెట్టారు. ఒకామె తన కొడుకు పక్కన కూచునే అక్షరాలు నేర్చుకుంది, తాడు పట్టడానికి వచ్చి తానే దిగింది. లింగమ్మ ఇప్పుడు ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటోంది. ఓబులమ్మ పోయిన నెల ఎనిమిదో తరగతి పాసయింది. కొండ మీది ఆడపిల్లల్లో ఆ పరీక్ష గట్టెక్కింది మా ఎరుకలో అదే మొదలు. పంతులమ్మ ట్రైనింగుకు పోతానంటోంది. అభినందన సభ పెట్టాం. మాట్లాడమంటే, ఇప్పుడు ఎవరూ పక్కన కూచోకుండానే, నిటారుగా నిలబడి, "మా అయివోరు లేకపోతే ఈ బడి యాడుండేది" అంది. జనం చప్పట్లు కొట్టారు. దేవదానం కూడా కొట్టాడు. ఆ చప్పుడులో నేనొక్కణ్ణే కిటికీ వంక చూశాను.

ఎందుకంటే గెలిచినవాళ్ల లెక్కలో సుంకన్న లేడు. ఆ రోజు దూకిపోయినవాడు తిరిగి రాలేదు. హాలులో చప్పట్లు మోగినప్పుడు వాడు లేడు. బడి నిలబడిందని తెలిసి తక్కినవాళ్లంతా తిరిగి వచ్చారు, వాడు రాలేదు. పిలవడానికి దేవదానం గూడేనికి రెండుమూడుసార్లు పోయాడు. నేను పోలేదు. ఏ ముఖం పెట్టుకుని పోను?

పోయిన సంతకు వాడే వచ్చాడు.

మనిషి ఎదిగాడు, మీసం కట్టు వస్తోంది. ఒక చిన్న పిల్ల చేయి పట్టుకుని బడి గుమ్మం బయట నిలబడ్డాడు. చెల్లెలట. చేర్చుకోమన్నాడు. నేను పుస్తకాలు తీయబోయి ఆగాను. చెబితే ఇప్పుడే చెప్పాలనిపించింది. ఎందుకనిపించిందో తెలియదు. సభలో చెప్పలేకపోయాను, దేవదానానికి చెప్పలేకపోయాను. వాడికి చెప్పాను. ఒంటరిగా కూచోబెడితే మీరు పలకరని ఆ రోజు నాకు తెలుసురా, తెలిసే తలుపు వేశాను, బడి ఇక్కడ ఉండకూడదనే వేశాను అన్నాను. చివరిదాకా చెప్పాను.

వాడు విన్నాడు. కోపం రాలేదు, నవ్వలేదు. పోనీలే అనలేదు. తరగతి లోపలికి తొంగి చూశాడు.

"దీనికి ఈడ వదినె ఎవురు?" అని అడిగాడు.

ఓబులమ్మ చెల్లెలిని చూపించాను. వరస అవుతుందో లేదో వాడూ ఆ పిల్లా గోత్రాలు చెప్పుకుని చూసుకున్నారు. అవుతుంది. పిల్లను తీసుకెళ్లి తానే ఆ పక్కన కూచోబెట్టాడు. గడప దాటి లోపలికి వచ్చాడని నాకు తర్వాత తట్టింది. బయటికి వచ్చి తేనె కుండ తలకెత్తుకుని, నా వైపు చూడకుండా సంతలోకి వెళ్లిపోయాడు.

నన్ను క్షమించాడని నేను అనుకోవడం లేదు. మీరూ అనుకోకండి. వాడు వచ్చింది నా కోసం కాదు, చెల్లెలి చదువు కోసం. కానీ వాడు వెళ్లిన తర్వాత నేను తరగతిలోకి వెళ్లి పాఠం మొదలుపెట్టాను. నోటి నుంచి మాట తేలిగ్గా వచ్చింది. ఇన్నేళ్లుగా గొంతులో ఒకటి అడ్డం పెట్టుకునే పాఠం చెబుతున్నానని, అది లేకపోయాకే తెలిసింది. కొత్త పిల్ల నా నోటి వంకే చూస్తోంది. ఇవాళ దేవదానానికి చెప్పాలి. అతడికి ముందే తెలుసు. అయినా చెప్పాలి. అందుకు ముందు మీకు చెప్పాను.